పద్నాలుగు క్యారట్ల కథ

మొన్న శ్రావణ శుక్రవారం నాడు మా మనవరాలు తన జీతం డబ్బుతో ఒక గొలుసు కొనుక్కొచ్చింది. సన్నగా, మల్లెతీగలా ముచ్చటగా ఉంది. నా మంచం మీద చేరి, మెడ చూపిస్తూ, "ఎలా ఉంది అమ్మమ్మా?" అంది.

"బాగుందే తల్లీ! ఎన్ని కాసులు పెట్టావు?" అన్నాను.

కాసులూ తులాలూ దానికెక్కడ తెలుస్తాయి? గ్రాములు చెప్పింది. కొక్కెం దగ్గర ముద్ర ఉంది చూడమంటే కళ్లజోడు పెట్టుకుని చూశాను. చీమ తలకాయంత అక్షరాల్లో 585 అని ఉంది. "ఇదేమిటే?" అంటే, "పద్నాలుగు క్యారట్లు అమ్మమ్మా" అంది, అదేదో గొప్ప సంగతి అన్నట్టు.

నా గుండె గతుక్కుమంది. "అయ్యో, పద్నాలుగు క్యారట్లేమిటే? నిన్నెవరు మోసం చేశారు?" అన్నాను.

అది పకపకా నవ్వింది. "ఎవరూ చెయ్యలేదు. నేనే అడిగి కొనుక్కున్నాను. రోజూ ఆఫీసుకి వేసుకోవడానికి గట్టిగా ఉంటుంది. ధరా తక్కువే. బస్సులో తెగి పోయినా నీలాగా నెల్లాళ్లు అన్నం మానెయ్యక్కర్లేదు" అంది. అంటే నేను 1978లో పోగొట్టుకున్న చెవిదుద్దు సంగతి ఈ పిల్లదాకా వచ్చిందన్నమాట!

దాని మాటకు నా దగ్గర జవాబు లేదు. డబ్బు దానిది, మెడ దానిది, అవసరం దానిది. నిజం చెప్పాలంటే ఆ గొలుసు బాగానే ఉంది కూడా. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ పద్నాలుగు అనే అంకె ఒకప్పుడు మన దేశంలో ఇంటింటా ఎంత గొడవ పెట్టిందో, ఎన్ని కొంపల్లో కుంపట్లు ఆర్పిందో ఈ కాలం పిల్లలకి తెలియదు. మనలో పెద్దవాళ్లకి తెలిసినా మరిచిపోయాం. అందుకే ఈ కథ చెప్పాలనిపించింది.

క్యారట్ల లెక్క మీకు తెలిసిందే. 24 అంటే మేలిమి. మనం నగలు చేయించుకునేది 22, అంటే నూటికి 91.6 పాళ్లు బంగారం. 14 అంటే నూటికి 58 పాళ్ల పైచిలుకు. మిగిలినదంతా రాగో వెండో.

1962 అక్టోబరులో చైనా మన మీదికి వచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తెనాలి దగ్గర మా ఊళ్లో బడి పిల్లలమంతా జట్లు కట్టి, డబ్బాలు పట్టుకుని, రక్షణనిధికి ఇంటింటికీ తిరిగాం. ఆడవాళ్లు చేతికున్నవి, చెవికున్నవి తీసి ఇచ్చారు. ఇందిరాగాంధీ తన నగలు ఇచ్చారని పేపర్లో చదివి మా నాన్న మా నాయనమ్మకు చెప్పాడు. ఆవిడ మాట్లాడకుండా లోపలికి వెళ్లి, ముంజేతి గాజు ఒకటి సబ్బు నురగతో తీసి తెచ్చి డబ్బాలో వేసింది. "రెండోది?" అని నేను అడిగితే, "మళ్లీ వస్తే రెండోది" అంది. ఎవరూ బలవంతపెట్టలేదు. అడిగారు, ఇచ్చింది.

ఆ నవంబరులోనే ప్రభుత్వం బంగారు బాండ్లు పెట్టింది. మీ బంగారం మాకివ్వండి, పదిహేనేళ్ల తర్వాత డబ్బు తీసుకోండి, ఈలోగా ఆరున్నర శాతం వడ్డీ ఇస్తాం అన్నారు. కాని తులానికి కట్టిన ధర 62 రూపాయల 50 పైసలు. బజారులో తులం ధర దానికి దాదాపు రెట్టింపు. వడ్డీ లెక్కలు రాకపోయినా ఈ లెక్క ఏ ఇల్లాలికి రాదు చెప్పండి? అనుకున్నంత బంగారం రాలేదు.

అడిగితే రాలేదు కనుక ఇక హుకుం వచ్చింది. 1963 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి మొరార్జీ దేశాయ్ బంగారం కంట్రోలు ప్రకటించారు. ఆ రోజు నుంచి దేశంలో ఏ కంసాలీ 14 క్యారట్లకు మించిన నగ కొత్తగా చెయ్యకూడదు. నగలు కాని బంగారం ఇంట్లో ఎంత ఉందో లెక్క చెప్పాలి. ఉన్న నగలు పెట్టుకోవచ్చు, పర్వాలేదు. కొత్తగా చేయించాలంటే మాత్రం పద్నాలుగే.

మొరార్జీ చెడ్డవాడా అంటే కాదు. ఖద్దరు కట్టిన గాంధేయవాది. దేశం మేలు కోసమే ఆ పని చేశానని మనసారా నమ్మినవాడు. బంగారం మన దగ్గర ఎక్కువ పండదు, బయటి నుంచి రావాలి. దొంగతనంగా వచ్చే ఆ బంగారానికి దేశం సొమ్ము పైదేశాలకు పోతోంది. అక్కడ యుద్ధానికి తుపాకులు కొనడానికి విదేశీ ద్రవ్యం లేదు, ఇక్కడ బోషాణాల్లో బంగారం నిద్రపోతోంది. నగలు కళ తప్పితే ఆడవాళ్లకి వాటి మీద మోజు తగ్గుతుంది, మోజు తగ్గితే దొంగ బంగారం ఆగుతుంది. ఇదీ లెక్క. కాగితం మీద ఎక్కడా తప్పు కనిపించదు. ఉద్దేశం మంచిదే. దుర్మార్గుడి హుకుం అయితే మనం ముందే జాగ్రత్తపడతాం. మంచివాడు మన మంచికోసమే ఇచ్చే హుకుం ఉందే, దానితోనే చిక్కు.

సరే, మా ఇంటి సంగతికి వస్తాను. ఆ వైశాఖంలో మా అక్క పెళ్లి. మా నాన్న బడిపంతులు. చట్టమంటే ఆయనకి వేదం. ఊళ్లో మా ఆస్థాన కంసాలి ఆచారి తాత. మాకు బంధువు కాడు కాని తాత అనే పిలిచేవాళ్లం. పెళ్లి నగలంటే కుంపటీ, ఊదుగొట్టం, దాగలీ, గీటురాయీ మూటగట్టుకుని మా ఇంటికే వచ్చి నడవలో కూర్చునేవాడు. గృహస్థు బంగారం గృహస్థు కళ్లముందే కరగాలన్నది ఆయన పద్ధతి. కబుర్లు చెబుతూ, మధ్యమధ్య నా చేత మంచినీళ్లు తెప్పించుకుంటూ, వారం పది రోజులు అక్కడే పని చేసేవాడు.

ఆ ఏడు మాత్రం తాత ఉత్త చేతులతో వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పద్నాలుగు క్యారట్లతో ఒక పుస్తె నమూనాకి చేసి తెచ్చాడు. పంచె కొంగులోంచి తీసి నాయనమ్మ చేతిలో పెట్టాడు. ఎర్రగా, రాగి చెంబు ముక్కలా ఉంది. "అమ్మా, ఇది నా మాట వినడం లేదు. సాగదీస్తే విరుగుతోంది. అరవై ఏళ్ల చేతులకి కొత్త లోహం ఎలా నేర్పను?" అన్నాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి.

నాయనమ్మ ఆ పుస్తెను తిప్పి తిప్పి చూసి మా నాన్న చేతికిచ్చింది. "ఇది నా మనవరాలి మెళ్లో కడతావుట్రా?" అంది.

"చట్టం అమ్మా. గవర్నమెంటు జీతం తింటున్నవాణ్ణి" అన్నాడు నాన్న తల వంచుకుని.

"చైనావాడు వచ్చాడంటే గాజు తీసి ఇచ్చానురా. ఇంకా కావాలంటే ఇంకోటీ ఇద్దును. ఇప్పుడు అడగడం లేదే! నా ఇంట్లో, నా బంగారంతో, నా పిల్లకి ఏది కట్టాలో వాళ్లే చెబుతున్నారే!" అంది నాయనమ్మ.

నాన్న మరి మాట్లాడలేదు. చెప్పులు వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఆ రాత్రి భోజనాలవేళ దాకా రాలేదు. అది ఒప్పుకోవడమని ఇంట్లో అందరికీ అర్థమైంది.

పెళ్లి పసుపు దంచడం మామూలుగా పొద్దుటిపూట చేస్తారు. మా ఇంట్లో ఆ ఏడు రాత్రి పెట్టారు! వీధిలోని ముత్తయిదువలంతా వచ్చారు. ముందు నడవలో రోకళ్లు దభీదభీమని పడుతుంటే, వెనక ధాన్యపుకొట్లో, కిటికీకి దుప్పటి కట్టి, ఆచారి తాత సుత్తి టకటకమంది. నాయనమ్మ పాత కాసు ఒకటి కరిగి రెండు పుస్తెలైంది. నన్ను వీధి అరుగు మీద కాపలా కూర్చోబెట్టారు. కొత్త మొహం ఎవరు కనిపించినా పెద్దగా దగ్గమని చెప్పారు. నేను భయంతో ఊరికే దగ్గుతుంటే రోకళ్లు ఆగేవి, సుత్తీ ఆగేది. మళ్లీ మొదలయ్యేది. పదేళ్ల పిల్లకి అదంతా ఆటే. పెద్దయ్యాక తలుచుకుంటే మాత్రం సిగ్గూ కోపమూ కలిసి వస్తాయి. జీవితంలో ఒక్క అబద్ధం ఆడని ముగ్గురు మనుషులు, మా నాన్నా, నాయనమ్మా, ఆచారి తాతా, ఒక ఆడపిల్ల మెళ్లో పుస్తె కోసం ఆ రాత్రి దొంగలయ్యారు.

అక్క పెళ్లి బాగానే జరిగింది. కాని తాత కుంపటి మళ్లీ సరిగా వెలగలేదు. ఎవరింటికి పోయినా "కంట్రోలు ఎత్తేశాక చూద్దాం" అనేవారు. పెద్దకొడుకు గుంటూరులో పొగాకు కంపెనీలో కూలికి చేరాడు. చిన్నవాడు సైకిళ్లకి పంచర్లు వేసేవాడు. తాత మరో రెండేళ్లు ఉండి పోయాడు. జిగినీ అల్లికలూ, నాన్‌తాడు మెలికలూ ఆయనకి తెలిసినట్టు మా చుట్టుపక్కల ఎవరికీ తెలియవు. ఆ విద్య మనవళ్లలో ఒక్కడికీ రాలేదు.

ఇది మా ఊరి కథే కాదు. దేశమంతటా లక్షల మంది స్వర్ణకారులకు ఒక్క రోజులో పని పోయింది. ఊరేగింపులు తీశారు, సత్యాగ్రహాలు చేశారు. కొందరు ప్రాణాలు తీసుకున్నారని పేపర్లలో వచ్చింది. అప్పులిస్తాం, వేరే పనులు చూపిస్తాం అంది ప్రభుత్వం. వేళ్ల కొసల్లో ఉన్న విద్యను తీసేసి అప్పుకాగితం చేతిలో పెడితే ఏం లాభం?

1963 ఆగస్టులో కామరాజు పథకం కింద మొరార్జీ మంత్రిపదవి వదిలారు. తరువాత వచ్చిన టి.టి.కృష్ణమాచారి కొంత సడలించి, పాత నగలు కరిగించి అదే మచ్చుతో చేసుకోనిచ్చారు. 1966లో పద్నాలుగు క్యారట్ల నిబంధన పోయింది. హమ్మయ్య అనుకునేలోగా 1968లో బంగారం కంట్రోలు చట్టమే వచ్చింది. ఇంట్లో కడ్డీ రూపంలో బంగారం ఉండకూడదు. కంసాలి సర్టిఫికెట్టు పుచ్చుకోవాలి, అతని దగ్గర ముడి బంగారం ఇంతకు మించకూడదు. వ్యాపారికి లైసెన్సు, లెక్కల పుస్తకాలు, సోదాలు. ఇందులో కొన్ని సెక్షన్లు మనిషి తన వృత్తి చేసుకునే హక్కుకు తగని ఆంక్షలని 1969లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రభుత్వం చేసినదల్లా చెల్లదని చెప్పే కోర్టు ఒకటి ఉండటం ఎంత అవసరమో ఆలోచించండి. అయినా మిగిలిన చట్టం ఇరవై ఏళ్లకు పైగా నడిచింది.

ఇంతకీ దొంగ బంగారం ఆగిందా? ఎక్కడ ఆగుతుంది! దుబాయి నుంచి పది తులాల బిస్కట్లు పడవల్లో దిగాయి. స్మగ్లరనే మాట పల్లెటూరి పిల్లలకి కూడా నోటికొచ్చింది. సినిమాల్లో విలన్లందరికీ అదే ఉద్యోగం! నిజాయితీగా బతికే ఆచారి తాత కుంపటి ఆరిపోయింది, సముద్రం మీద దొంగకి దీపం వెలిగింది. వద్దన్న వస్తువు మాయం కాదండీ, చీకట్లోకి పోతుంది. చీకట్లో ధర ఎక్కువ, నాణ్యం తక్కువ, లాభం దొంగది.

దీనికి ఎదురు కథ ఒకటి ఉంది. అది మా అమ్మ చెప్పేది. యుద్ధకాలంలో బియ్యానికి కంట్రోలు పెట్టారు. రైతు తన గింజలు తాను అమ్ముకోకూడదు, ప్రభుత్వానికి లెవీ కొలవాలి. పట్నంలో వాళ్లు కార్డు పట్టుకుని కంట్రోలు దుకాణం ముందు నిలబడాలి. చుట్టం ఇంటికి రెండు కుంచాల బియ్యం పట్టుకెళితే దారిలో పట్టుకునేవారట. 1947 చివర్లో గాంధీగారు పట్టుబట్టి కంట్రోళ్లు సడలింపజేశారు. కాని ధరలు పెరిగి 1948లో మళ్లీ పెట్టారు. అంటే కట్టు విప్పిన ప్రతిసారీ అంతా చక్కబడుతుందని నేను చెప్పను.

1952లో రాజాజీ మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. మన కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. వచ్చిన రెండు నెలలకే, జూన్‌లో, బియ్యం మీద కంట్రోలు ఎత్తేశారు. కొంప మునుగుతుందని హెచ్చరించినవాళ్లున్నారు. మునగలేదు. దాచిన బియ్యం బజారుకొచ్చాయి, వానలు కూడా కలిసొచ్చాయి. కార్డు లేకుండా, ఎవరికీ దణ్ణం పెట్టకుండా, తనకి నచ్చిన అక్కుళ్లు బేరమాడి కొనుక్కున్న రోజు మా అమ్మకి పండగలా అనిపించిందట. "ఆ రోజు నాకు స్వరాజ్యం వచ్చిందే" అనేది. 1947 ఆగస్టు 15న ఆవిడకి వచ్చిందో లేదో మరి!

ఆ రాజాజీయే 1959లో స్వతంత్ర పార్టీ పెట్టించారు. పర్మిట్లూ లైసెన్సుల రాజ్యమని ఎగతాళి చేసి, ఆ మాటను ఊరూరా తిప్పింది ఆయనే. ఆ పార్టీకి మొదటి అధ్యక్షుడు మన నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి.రంగా. ఆక్స్‌ఫర్డులో చదివొచ్చి రైతుల వెంట నడిచిన మనిషి. 1957లో మా తెనాలి నుంచే కాంగ్రెసు తరఫున లోక్‌సభకు వెళ్లారు. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెసు ఉమ్మడి సేద్యం తీర్మానం చేస్తే, రైతు పొలం రైతుది కాకుండా పోతుందని ఎదిరించి బయటికి వచ్చారు. 1967 ఎన్నికల్లో ఆ పార్టీకి లోక్‌సభలో 44 సీట్లు వచ్చాయి. ప్రతిపక్షాల్లో అదే పెద్దది.

ఆ పార్టీలో జమీందార్లూ మహారాజులూ కూడా చేరారు. అందుకని డబ్బున్నవాళ్ల పార్టీ అన్న పేరు పడింది. అది పూర్తిగా అబద్ధమూ కాదు. 1974 నాటికి పార్టీయే లేకుండా పోయింది. కాని వాళ్లు చెప్పిన మాట డబ్బున్నవాళ్లది కాదు. లైసెన్సు కావాలంటే ఢిల్లీలో మకాం పెట్టి తెచ్చుకోగలిగింది డబ్బున్నవాడే. ఆచారి తాత ఏ ఢిల్లీ వెళతాడు? ఇంకో సంగతి గమనించాలి. 1975లో ఎమర్జెన్సీ వచ్చి పత్రికల నోరు కట్టేసినప్పుడు, సెన్సారు మీద బొంబాయి హైకోర్టుకి వెళ్లి నెగ్గినవాళ్లలో ఆ పార్టీ నాయకుడు మినూ మసానీ ఉన్నారు. సరుకు అమ్ముకునే స్వేచ్ఛ, మాట చెప్పుకునే స్వేచ్ఛ ఒకే కొమ్మకి పూసిన పూలని ఆయనకి తెలుసు.

ఇదంతా రాసి మావారికి వినిపించాను. ఆయనకి మొదటి నుంచీ వ్యాపారస్థులంటే గిట్టదు. "బాగుందోయ్! అయితే అంతా బజారుకి వదిలెయ్యమంటావా? ఉల్లిపాయలు దాచిపెట్టి ధర పెంచేవాణ్ణి ఎవరడుగుతారు? కల్తీ నూనె అమ్మేవాణ్ణి? లేనివాడు ఏం తింటాడు?" అన్నారు.

అడగవలసిన ప్రశ్నలే. నేను మనవరాలి గొలుసు తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "ఈ ముద్ర చూడండి. 2021 నుంచి ఈ హాల్‌మార్కు తప్పనిసరి చేస్తూ వచ్చారు. ఇదీ ప్రభుత్వం పెట్టిన రూలే. కాని ఇది నువ్వు పద్నాలుగే పెట్టుకో అనదు. పద్నాలుగు అమ్మితే పద్నాలుగని చెప్పు అంటుంది. ఒకటి దొంగని పట్టుకునే రూలు, ఇంకోటి దొరని దొంగని చేసే రూలు. రెండూ ఒకటేనా?" అన్నాను.

లేనివాడి తిండి సంగతీ అంతే. 1983లో ఎన్.టి.రామారావుగారు కిలో రెండు రూపాయల బియ్యం ఇస్తే ఎందరో పేదల ఇళ్లలో పొయ్యి వెలిగింది. దానికి డబ్బు చాలుతుందా, చాలదా అన్నది వేరే వాదన. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం వేరు, రైతు తన బస్తా పక్క రాష్ట్రానికి తీసుకుపోకూడదని దారికడ్డంగా గొలుసు కట్టడం వేరు. మొదటిది ప్రభుత్వం చెయ్యవలసిన పని. రెండోదానివల్ల ఏ పేదవాడి కడుపూ నిండదు, చెక్‌పోస్టు దగ్గర ఎవరి జేబో నిండుతుంది.

మావారు గొలుసు నా చేతికిచ్చి, "కాఫీ ఏమైనా ఉందా?" అన్నారు. ముప్ఫై ఏళ్ల క్రితమైతే ఇంకో గంట వాదించేవారు.

బంగారం కథకి ముగింపు వినండి, చిత్రంగా ఉంటుంది. ఈ చట్టాన్ని ఎత్తేసింది ఎవరనుకున్నారు? పెట్టుబడిదారుల మనిషి ఎవరూ కాదు. జీవితమంతా సోషలిస్టుగా బతికిన మధు దండావతే! 1990లో వి.పి.సింగ్ ప్రభుత్వంలో ఆర్థికమంత్రిగా, ఆ చట్టం వల్ల స్వర్ణకారులకి బాధ తప్ప ఒరిగింది లేదని చెప్పి రద్దు చేయించారు. పెట్టింది గాంధేయవాది, తీసింది సోషలిస్టు. అందుకే ఇది ఈ పార్టీదా, ఆ పార్టీదా అని నేను చూడను. చేతిలో అధికారం ఉన్నవాడు ఎంతవరకు చెయ్యి చాపవచ్చు, ఎక్కడ ఆగాలి అన్నదే నా ప్రశ్న.

మరుసటి ఏడు, 1991లో, దేశం దగ్గర విదేశీ ద్రవ్యం రెండు మూడు వారాల దిగుమతులకి కూడా సరిగా చాలని స్థితి వచ్చింది. ఇంట్లో గడవకపోతే మనం ఏం చేస్తాం? నగ తాకట్టు పెడతాం. ప్రభుత్వమూ అదే చేసింది. ముందు 20 టన్నుల బంగారం స్విట్జర్లాండు బ్యాంకుకి పోయింది. అది స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న బంగారం! జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నులు బయటి దేశాలకి పంపింది. ఇన్నేళ్లు కంసాలి పెట్టెలు సోదా చేసిన దేశం, చివరికి తన పెట్టె తెరవాల్సి వచ్చింది.

అప్పుడే మన పి.వి.నరసింహారావుగారు ప్రధానమంత్రి అయ్యారు. మన్మోహన్‌సింగ్‌ని ఆర్థికమంత్రిని చేశారు. 1991 జూలై 24న ఒక పద్దెనిమిది రకాల పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సు అక్కర్లేదన్నారు. మా పెళ్లినాటి స్కూటరుకి మావారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. మా ఇంటికి ఫోను రావడానికి దరఖాస్తు పెట్టిన ఎనిమిదేళ్లు పట్టింది. అవన్నీ మా పిల్లలకి కాశీమజిలీ కథల్లా ఉంటాయి. 1992 నుంచి పైదేశాల్లో ఉన్న మనవాళ్లు సుంకం కట్టి అయిదు కిలోల దాకా బంగారం తెచ్చుకోవచ్చన్నారు. గల్ఫులో చెమటోడ్చిన మన పిల్లలు చెల్లెలి పెళ్లికి గొలుసు తెస్తూ ఎయిర్‌పోర్టులో దొంగల్లా వణకక్కర్లేకపోయింది.

అయితే ఇప్పుడెందుకీ పాత పురాణం అంటారేమో. గాలి మళ్లీ తిరుగుతున్నట్టుంది. మనకొక్కరికే కాదు, లోకమంతటా. 2016 నవంబరు 8 రాత్రి అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు, దొంగ డబ్బు సంగతేమో గాని, పోపులపెట్టెలో, బియ్యం డబ్బాలో ఆడవాళ్లు మొగుడికి తెలియకుండా దాచుకున్న డబ్బు ముందు బయటపడింది. దాని వెనకే, మీ నగలూ అడుగుతారని పుకారు పుడితే, పెళ్లయిన ఆడదాని 500 గ్రాముల వరకు సోదాల్లో పట్టుకోమని ప్రభుత్వం చెప్పాల్సి వచ్చింది. 2022 జూలైలో బంగారం మీద దిగుమతి సుంకం 15 శాతం చేశారు, 2024 జూలైలో మళ్లీ 6 శాతానికి దించారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు, అక్కడివాళ్లకి రొయ్యలు ప్రియమయ్యాయి, ఇక్కడ మన భీమవరం వైపు చెరువు గట్ల మీద రైతులు గుండెలు బాదుకున్నారు. ఇవన్నీ దేశం కోసమే అంటారు. మొరార్జీ కూడా అదే అన్నారు.

మన పక్షంవాడు హుకుం ఇస్తే చప్పట్లు కొడతాం, ఎదుటి పక్షంవాడు ఇస్తే గుండెలు బాదుకుంటాం. ఇదే నాకు నచ్చనిది. చెయ్యి మనవాడిదైనా, పెట్టె మనదే కదా! ఎవరైనా "ఇది మీ మంచికే" అని కొత్త కట్టడి తెచ్చినప్పుడు, ఇది మోసాన్ని పట్టుకునే హాల్‌మార్కు లాంటిదా, లేక ఆచారి తాతని కొట్లో దాక్కోబెట్టే పద్నాలుగు క్యారట్ల హుకుమా అని ఒక్కసారి అడిగి చూడండి. ఎక్కువ చదువు అక్కర్లేదు, ఆ ఒక్క ప్రశ్న చాలు.

మా అక్కకి ఇప్పుడు ఎనభై దాటాయి. మొన్న ఆ గొలుసు వేసుకుని మా మనవరాలు వాళ్లింటికి వెళ్లి కాళ్లకి దణ్ణం పెట్టింది. అక్క దాని గొలుసు పట్టుకు చూసి, ఎన్ని క్యారట్లని అడిగింది. అది చెప్పగానే ఓ క్షణం ఊరుకుని, కొంగుచాటు నుంచి తన పుస్తెలు తీసి చూపించిందట. ఆ రాత్రి రోకళ్ల చప్పుడుతో సహా కథంతా చెప్పిందట. అరవై ఏళ్లు మెళ్లో ఒరుసుకుని అవి కాగితంలా పల్చబడ్డాయి. అయినా మేలిమి రంగు పోలేదు.

"మరి నాది బాగుందా పెద్దమ్మమ్మా?" అని అడిగిందట మనవరాలు.

"నీకు నచ్చి నువ్వు కొనుక్కున్నావుగా, అంతకంటే ఏం కావాలి?" అందట అక్క.